రెండో ఊపిరి



మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యల ఉపమానం మీకు కొత్త కాదు. దివ్యపూజలో ఎన్నోసార్లు విన్నారు. అయిదుగురు వివేకవతులు దివిటీలతోపాటు పాత్రలలో నూనె కూడా తీసుకువెళ్ళారు. అవివేకవతులైన అయిదుగురు దివిటీలు మాత్రమే పట్టుకువెళ్ళారు. పెండ్లికుమారుడు ఆలస్యం చేశాడు. అందరూ కునికిపాట్లు పడ్డారు. అర్ధరాత్రి కేక వినిపించేసరికి కొందరి దివిటీలు కొడిగట్టాయి. నూనె అడిగితే తోటివారు లేదన్నారు. ఈ ఉపమానం చదివినప్పుడల్లా విచారణలో ఎవరో ఒకరు, ముఖ్యంగా తల్లులు, ఒక ప్రశ్న అడుగుతారు. "అడిగినవాళ్ళకు కాస్త నూనె పోస్తే ఏం పోయింది, ఫాదర్? ప్రేమను బోధించిన ప్రభువు ఆ పిసినారులను ఎట్లా మెచ్చుకున్నారు?"

న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు వ్యాఖ్యాన గ్రంథాలలో ఉంది. కాని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కర్మాగారాలకు షిఫ్టుకు వెళ్ళే మనిషి ఉన్న ఇంటికి ఆ జవాబు ఇంకా దగ్గరలో ఉంది. ఊపిరి అందని చోటికి దిగే మనిషి వెంట తీసుకుపోయే అదనపు గాలిలో ఉంది. ఆ సంగతి చెప్పడానికి ముందు మిమ్మల్ని కాస్త దూరం, చలిదేశాల నీళ్ళ దగ్గరకు తీసుకువెళతాను. అక్కడనుండి మన ట్యాంకుల దగ్గరకు తిరిగి వద్దాం.

గడ్డకట్టేంత చల్లని సరస్సులలో మునిగి పనిచేసేవారు ఉన్నారు. వీపు మీద గాలి సిలిండరు, నోటిలో రబ్బరు ముక్క. 1943లో ఫ్రాన్సు దేశంలో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు, మనిషి పీల్చినప్పుడు మాత్రమే గాలిని వదిలే కవాటాన్ని తయారుచేశారు. ఈనాడు నీటిలో మునిగేవారు వాడే పరికరం ఆ దారినే వచ్చింది. సిలిండరులో గాలి ఎంతో ఒత్తిడితో కూరి ఉంటుంది. అది బయటికి వస్తూ విప్పారుతుంది, విప్పారే గాలి చల్లబడుతుంది. (సైకిలు ట్యూబులో గాలి తీసేటప్పుడు వాల్వు దగ్గర వేలు పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది.) చుట్టూ నీరు అప్పటికే మంచులా ఉంటే ఆ కవాటం గడ్డకట్టి, తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోతుంది. ఇక గాలి ఆగదు, బుసబుసా బయటికి పోతూనే ఉంటుంది. అరగంటకు సరిపోయే గాలి కొద్ది నిమిషాలలో ఖాళీ అవుతుంది.

అందుకని అనుభవం గలవారు చల్లని నీటిలోకి చిన్నదైనా సరే రెండో సిలిండరు లేకుండా దిగరు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. సాధారణంగా నీటిలో మునిగేవారి దగ్గర నోటి ముక్కలు రెండు ఉంటాయి. తోటివాడికి అవసరమైతే అందించడానికి ఆ రెండోది. రెండున్నాయి కదా అని ధైర్యంగా ఉంటుంది. కాని అవి రెండూ ఒకే సిలిండరుకు, దాని మీది ఒకే కవాటానికి తగిలించి ఉంటాయి. ఆ కవాటం బిగుసుకుపోతే రెండూ ఒకేసారి పోతాయి. కనుక నిజమైన అదనపు గాలి అంటే వేరే సిలిండరు, దానికి వేరే కవాటం. ఈ మాట కాస్త మనసులో ఉంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

మనకు మంచు సరస్సులు లేవు. పుష్యమాసంలో తెల్లవారుజామున మంజీరలో మునిగినా పళ్ళు టకటకలాడతాయి గాని కవాటాలు గడ్డకట్టవు. కాని ఊపిరి అందని చోట్లు మన చుట్టూ ఎన్నో. మందుల తయారీ రియాక్టర్లు, ద్రావకాలు నిలవచేసే ట్యాంకులు, వ్యర్థజలాల తొట్లు, మురుగు మ్యాన్‌హోళ్ళు. రియాక్టరులో నిప్పు పుట్టకుండా నత్రజని నింపుతారు. నత్రజని విషం కాదు, మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు అదే. దానికి రంగు లేదు, వాసన లేదు. 21 పాళ్ళు ఉండవలసిన ప్రాణవాయువును అది తోసివేస్తే, లోపలికి దిగినవాడికి ఆయాసమైనా తెలియదు. ఒకటి రెండు గుక్కలు పీల్చి మనిషి కూలిపోతాడు. మురుగు తొట్లలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మరో రకం. కొంచెంగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన పోయింది కదా అని మనిషి ఇంకా లోపలికి దిగుతాడు. (పాపం సంగతి కూడా ఇంతే కదా! మొదట తీసుకున్న లంచం కంపు కొడుతుంది. పదోది కొట్టదు.)

ముక్కుకు తడి రుమాలు చుట్టుకున్నా, దుమ్ము మాస్కు పెట్టుకున్నా అక్కడ పనికిరాదు. మందు డబ్బా బిగించిన మాస్కు కూడా ఉన్న గాలిని వడగడుతుంది తప్ప లేని గాలిని ఇవ్వలేదు. గాలి బయటినుండి రావాలి, లేదా వీపు మీద ఉండాలి. బయటినుండి గొట్టం ద్వారా గాలి అందించే పద్ధతిని మీవాళ్ళు ఎయిర్‌లైన్ అంటారు. ప్రాణాంతకమైన చోట ఎయిర్‌లైన్ వేసుకున్నా నడుముకు చిన్న సిలిండరు ఒకటి ఉండాలి. అయిదు పది నిమిషాలకు మించి రాదు. కంప్రెసరు ఆగిపోయినా, గొట్టం నలిగినా, మనిషి బయటపడడానికి అది. పని ముగించుకోవడానికి కాదు. వీపు మీద మోసుకుపోయే సెట్టుకయితే ఈల ఉంటుంది. 300 బార్లకు నింపిన సిలిండరు 50, 55 బార్లకు దిగేసరికి ఈల మోగుతుంది. మోగిన తరువాత ఇంకొక్క బోల్టే ఉంది అనకూడదు.

ఇదంతా కర్మాగారాలు వచ్చాక పుట్టిన తెలివి అనుకోకండి. మన తాతలకు తెలుసు. పాడుబడిన బావిలో పూడిక తీయడానికి దిగేముందు లాంతరు తాడుకు కట్టి దించేవారు. దీపం ఆరితే ఆ రోజుకు దిగడం లేదు. జొన్నల పాతర మూత తీస్తే వెంటనే ఎవరూ దిగేవారు కాదు, లోపలి గాలి మారేదాకా ఆగేవారు. (లాంతరు పద్ధతిని రసాయనాల ట్యాంకు దగ్గర చేయకండి, ఆవిరికి నిప్పంటుకుంటుంది. అక్కడ గాలిని కొలవడానికి మీటర్లున్నాయి.)

అయినా ప్రతి ఏడాదీ మనుషులు పోతూనే ఉన్నారు. 2016 ఆగస్టులో హైదరాబాదు మాదాపూర్‌లో ఒక మ్యాన్‌హోల్ నలుగురిని బలిగొంది. వారిలో ఒకరు పనివారు కాదు, లోపల పడినవారిని కాపాడబోయిన దారినపోయే మనిషి. 2017 మార్చిలో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర రొయ్యల కర్మాగారంలో తొట్టి శుభ్రం చేస్తూ అయిదుగురు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర కోళ్ళ హేచరీ మురుగు తొట్టిలో ఏడుగురు, ఒకరిని తీయబోయి ఒకరు. అమెరికాలో కార్మికుల భద్రతను పరిశీలించే ప్రభుత్వ సంస్థ 1986లో చెప్పిన లెక్క ఇంకా కలచివేస్తుంది. ఇలాంటి మూసిన చోట్లలో చనిపోయేవారిలో నూటికి 60 మందికి పైగా, ముందు పడిపోయినవాడిని కాపాడడానికి దిగినవారేనట!

కాపాడబోయి చనిపోయినవారిని తెలివితక్కువవారు అనడానికి నాకు నోరు రాదు. స్నేహితుని కొరకు ప్రాణమిచ్చే ప్రేమకంటె గొప్ప ప్రేమ లేదని చెప్పినది మన ప్రభువే. తమ్ముడు కళ్ళముందు పడిపోతే అన్న లెక్కలు వేసుకుని నిలబడడు. కాని ఆ ప్రేమ చేతిలో కాస్త గాలి ఉండి ఉంటే? ఇద్దరూ బతికేవారు. నేరం దూకినవానిది కాదు. తొట్టి పైన ఒక సెట్టు, ఒక తాడు పెట్టకుండా మనిషిని లోపలికి పంపినవారిది. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఇప్పుడు ఆ వివేకవతుల దగ్గరకు వెళదాం. గాలి లేని తొట్టిలో పడినవాడికి, గాలి లేకుండా దిగినవాడు ఏమి ఇవ్వగలడు? ఇద్దరికీ చాలనిదాన్ని అర్ధరాత్రి పంచితే రెండు దివిటీలూ ఆరతాయి, పెండ్లికుమారుడు చీకటిలోకి వస్తాడు. అంతకంటె లోతైన సంగతి ఒకటి ఉంది. ఆ నూనె ఏమిటని సభాపితరులు ఆలోచించారు. పునీత అగస్తీను ఆ నూనె ప్రేమ అన్నారు. పునీత జాన్ క్రిసోస్తోము పేదలపట్ల చూపే దయాదానాలు అన్నారు. మీ బదులు నేను అన్నం వండగలను, అప్పు తీర్చగలను. మీ బదులు నేను ప్రేమించలేను. మీ బదులు పశ్చాత్తాపపడలేను. ఆ కన్యలు ఇవ్వనిది పిసినారితనంతో కాదు. ఇవ్వడానికి వీలు లేనిది కనుక.

ఒకే కవాటానికి తగిలించిన రెండు నోటి ముక్కల సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. మన ఇళ్ళను చూడండి. సాయంత్రం జపమాల అమ్మ చెబుతుంది. ఆదివారం పిల్లల్ని గుడికి అమ్మ తీసుకువస్తుంది. ఉపవాసం అమ్మది, మ్రొక్కుబడి అమ్మది. తండ్రి గుడి బయట మోటారుసైకిలు మీద కూర్చుని, "మా ఇంట్లో ప్రార్థనకేం లోటు లేదు, ఫాదర్" అంటాడు. నిజమే, లోటు లేదు. నోళ్ళు అయిదు, సిలిండరు ఒకటి! ఆమెకు జబ్బు చేసిననాడు, లేదా ఆమె మనసే ఏదో దుఃఖంతో గడ్డకట్టిననాడు, ఆ ఇంట్లో ఒక్కరికీ దేవునితో మాట్లాడడం రాదు. అన్నిటికంటె ఆమెకు ఊపిరి అవసరమైన ఆ రోజున ఆమెకు అందించగలవాడు ఉండడు. భార్య మంచం పట్టిన ఇళ్ళకు దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్ళినప్పుడు ఈ సంగతి చాలాసార్లు చూశాను. భర్త మంచి మనిషే, మందులకు వెనుదీయడు, కాని పరలోక జపం సగంలో తడబడతాడు.

కొందరు దీనికి అడ్డు చెబుతారు. "అంతా దేవుడే చూసుకుంటాడు. అదనంగా దాచుకోవడం, రేపటికి జాగ్రత్తపడడం అవిశ్వాసం కాదా?" అని. సాతాను ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు సరిగ్గా ఇదే వాదం చేశాడు, అదీ కీర్తన గ్రంథాన్ని ఉదహరిస్తూ. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి పరీక్షించరాదని చెప్పారు. సెమినరీలో మేము తత్త్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాసు అక్వినాసు వివేకం గురించి రాసినది చదివాం. ఆయన వివేకాన్ని ముఖ్యమైన సుగుణంగా చెప్పి, దూరం చూడడం దానిలోని భాగమే అన్నారు. లతీను భాషలో వివేకి అనే మాటకు దూరాన్ని చూసేవాడనే అర్థం చెప్పేవారు. మన తెలుగులో ఆ శ్రమ లేదు, ముందుచూపు అన్న మాటలోనే ఉంది. దేవుడు మనిషి ముక్కుపుటాలలో ఊదిన ప్రాణవాయువు ఆయన సొత్తు. దానిని జాగ్రత్త చేయడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

అయితే ముందుచూపు ఉంటే ఏ ఆపదా రాదని నేను చెప్పడం లేదు. 2018 జూన్‌లో థాయ్‌లాండ్ దేశంలో థామ్ లువాంగ్ అనే గుహలో పన్నెండుమంది బాలురు, వారి ఫుట్‌బాల్ శిక్షకుడు వరదనీటిలో చిక్కుకుపోయారు. లోకమంతా ఆ రోజుల్లో ప్రార్థించింది. నీరు నిండిన ఆ ఇరుకు దారి పొడవునా గాలి సిలిండర్లు పెడితేగాని మునిగేవారు రాకపోకలు చేయలేరు. ఆ సిలిండర్లు మోయడానికి సమన్ కునన్ అనే మాజీ నౌకాదళ సైనికుడు తనంతట తానుగా వచ్చాడు. జూలై 6వ తేదీ తెల్లవారకముందే, సిలిండర్లు పెట్టి తిరిగివస్తూ నీటిలోనే స్పృహ తప్పి చనిపోయాడు. జూలై 8 నుండి 10 వరకు మూడు రోజులలో ఆ పదముగ్గురూ ప్రాణాలతో బయటికి వచ్చారు. అతడు క్రైస్తవుడు కాడు. అయినా ఇతరుల ఊపిరిని వీపున మోస్తూ తన ఊపిరి వదిలిన మనిషిని తలచుకుంటే నా కన్ను సిలువవైపే పోతుంది.

గుహలలో మునిగేవారికి ఒక పాత లెక్క ఉంది. ఉన్న గాలిలో మూడో వంతు లోపలికి వెళ్ళడానికి, మూడో వంతు తిరిగి రావడానికి, మిగిలిన మూడో వంతు ముట్టుకోరు. ఆ చివరి వంతు ఎవరికో తెలుసా? లోపల చివరికొసన తోటివాడి గాలి పోతే, ఇద్దరూ కలిసి బయటికి రావడానికి. అదనపు గాలి నా కోసమే మోస్తున్నానని అనుకునేవాడికి ఆ లెక్క సగమే తెలిసినట్టు. జపమాల అలవాటున్న తండ్రి, ఏదైనా ఒక రాత్రి భార్యకు నోట మాట రానప్పుడు తాను మొదలుపెట్టగలడు. ఆ అలవాటు ఆ రాత్రి కొత్తగా పుట్టదు.

ఇప్పుడు మీలో సూపర్‌వైజర్లు, కాంట్రాక్టర్లు అయినవారితో ఒక మాట. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారం పేలుడులో యాభైమందికి పైగా పోయారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాలనుండి పొట్టచేతపట్టుకుని వచ్చినవారు. అది పేలుడు, నేను చెబుతున్న ఊపిరి సెట్టు అక్కడ ఎవరినీ కాపాడి ఉండేది కాదు. కాని ఆ దుఃఖం మనకు ఒక సంగతి చూపింది. ప్రమాదంలో ముందు నిలబడేది కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఒరిస్సానుండి వచ్చిన పిల్లవాడికి తెలుగులో రాసిన హెచ్చరిక బోర్డు గోడ మీది బొమ్మతో సమానం. వాడికి వాడి భాషలో చెప్పించండి. పోపు రెండవ జాన్ పాల్ 1981లో కార్మికులను గురించి వెలువరించిన విశ్వలేఖలో, ఆరోగ్యాన్ని చెరపని చోట పనిచేయడం కార్మికుని హక్కు అని స్పష్టంగా చెప్పారు. హక్కు అన్నారు. యజమాని దయ అనలేదు. మన దేశంలో 2025 దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షనులోనే ఈ నియమం ఉండేది. విషవాయువు లేదని అధికారం గలవారు రాతపూర్వకంగా ఇవ్వాలి, లేదా దిగే మనిషికి ఊపిరి పరికరం, నడుముకు బెల్టు, బెల్టుకు తాడు ఉండాలి. ఆ తాడు రెండో కొస బయట నిలబడిన ఒక మనిషి చేతిలో ఉండాలి. మన తరానికి ముందే ఈ మాట కాగితం మీదకు ఎక్కింది.

ఆ తాడు గురించి చదివినప్పుడు నాకు యిర్మీయా ప్రవక్త గుర్తుకువస్తాడు. గ్రంథం 38వ అధ్యాయం, వీలుంటే ఈ రాత్రి ఇంట్లో చదవండి. నిజం చెప్పినందుకు ప్రవక్తను గోతిలోకి దించారు. అందులో నీళ్ళు లేవు, బురద ఉంది. ఆయన బురదలో దిగబడిపోయాడు. రాజ భవనంలో పనిచేసే ఎబెద్మెలెకు అనే పరదేశికి ఈ సంగతి తెలిసింది. అతడు చేసినది చూడండి. పరుగెత్తి వెళ్ళి గోతిలో దూకలేదు. నేరుగా రాజు దగ్గరకు పోయి అనుమతి అడిగాడు, మనుషులను వెంట తీసుకున్నాడు, తాళ్ళు తెచ్చాడు. ఇంకొక పని కూడా చేశాడు. భవనంలో పాత గుడ్డల కొట్టుకు వెళ్ళి చినిగిన బట్టలు పోగుచేసి, వాటిని ముందుగా ప్రవక్తకు దించి, చంకల క్రింద పెట్టుకుని ఆ పైన తాడు వేసుకోమన్నాడు, తాడు ఒరుసుకుని చర్మం లేచిపోకుండా. అంత తొందరలో కూడా అతనికి ఆ ఆలోచన వచ్చింది. గోతిలోకి ఒక్కరైనా దిగకుండా ప్రవక్తను పైకి లాగారు.

కనుక తల్లులారా, అక్కలారా, మీ ఇంటి మనిషి టిఫిను డబ్బా అందుకుని బయలుదేరేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. "ఈ రోజు ట్యాంకులో దిగే పని ఉందా? ఉంటే పైన తాడు పట్టుకునేది ఎవరు?" విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. "ఎవరో ఒకరు ఉంటారులే" అంటే ఊరుకోకండి, పేరు చెప్పమనండి. పేరు లేకపోతే, దిగనని చెప్పే హక్కు తనకు ఉందని గుర్తుచేయండి. ఆ హక్కు వాడుకున్నందుకు ఎవరినైనా పనినుండి తీసేస్తే మీ విచారణ గురువుకు తెలియజేయండి, మేము వెంట వస్తాం. పేరు చెబితే, ఆ మనిషి మన గుడివాడైనా, వేరే మతంవాడైనా, సాయంత్రం జపమాల చివర మీ ఇంట్లోవారి పేర్లతోపాటు ఆ పేరు కూడా తలచుకోండి. ఆ పూట జపమాల ఇంటాయనను మొదలుపెట్టమనండి.